ఏ వరసా లేని పదహారేళ్ళు

ఏలూరు ఆసుపత్రి మూడో అంతస్తులో నర్సు తలుపు తీసి, "రామకోటిగారి భార్య ఎవరండీ?" అని పిలిచేసరికి ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కసారే లేచారు.

ఒకావిడ గంగారత్నం. పొద్దున్నే చెరువు గట్టు మీద కూలిపోయిన మనిషిని చేపల వ్యానులో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది ఆవిడే. చీర కుచ్చెళ్ళకి అంటిన బురద ఇంకా ఆరలేదు. రెండో ఆవిడ కాంతం, రామకోటికి తోడబుట్టిన అక్క. భర్త శేషగిరిరావుతో తాడేపల్లిగూడెం నుంచి కారులో వచ్చి అప్పుడే కూర్చుంది.

"నేనండి," అంది గంగారత్నం.

"కాదు," అంది కాంతం. "మా తమ్ముడికి పెళ్ళి కాలేదు. నేను అక్కని. ఆవిడ ఎవరూ కాదు."

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె చేతిలో కాగితం ఉంది. మెదడుకి ఏదో ఇంజెక్షను చెయ్యాలట, సంతకం కావాలి, ఆలస్యం చెయ్యకూడదు. 'రోగికి ఏమవుతారు' అన్న గడి మీద వేలు పెట్టి చూపించింది. కాంతం పెన్ను లాక్కున్నట్టే తీసుకుని 'అక్క' అని రాసి సంతకం పెట్టింది. రాస్తున్నంతసేపూ గంగారత్నం ఊపిరి ఆమె భుజం పక్కన వినపడుతూనే ఉంది.

"మా వాళ్ళని తప్ప ఇంకెవర్నీ లోపలికి పంపకండి," అంది పెన్ను తిరిగిస్తూ.

"ఒక్క నిమిషం చూసొస్తానండి," అంది గంగారత్నం. "ఆయన వేసుకునే మాత్రలేంటో డాక్టరుగారికి చెప్పాలి."

"చీటీ మీద రాసివ్వు."

"నాకు రాయడం రాదండి."

"అయితే నాకు చెప్పు. నేను చెప్తాను."

గంగారత్నం వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పింది. బీపీకి పొద్దున తెల్లమాత్ర, రాత్రి పసుప్పచ్చ సగం మాత్ర, నాలుగు రోజుల నుంచి రెండూ వేసుకోవడం లేదు, పొద్దున లేచినప్పుడే ఎడమ కణత నొప్పి అన్నాడు. కాంతం లోపలికెళ్ళి ఆ వివరాలన్నీ పొల్లు పోకుండా డాక్టరుకి అప్పజెప్పింది. ఎవరు చెప్పారో చెప్పలేదు.

కాంతానికి ఈ కోపం ఆ పూట పుట్టింది కాదు. ఉండి అనే ఊరి దగ్గర పల్లెలో వాళ్ళమ్మ పోయేనాటికి కోటికి తొమ్మిదేళ్ళు, తనకి పధ్నాలుగు. ఆ రోజు నుంచి వాడికి అన్నం కలిపి పెట్టింది, నిక్కర్లు ఉతికింది, ఎక్కాలు చెప్పించింది. పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చాక, అత్తగారు మూతి ముడుచుకున్నా లెక్కచెయ్యకుండా వాణ్ణి తెచ్చి తన దగ్గరే పెట్టుకుంది. వాడికి ముప్పై దాటాక ఆడపడుచు కూతురు కుసుమతో సంబంధం కుదిర్చింది. తాంబూలాలు పుచ్చుకోవడానికి వారం ఉందనగా, కొల్లేటి లంకల వైపు చెరువులు లీజుకి తీసుకుని చేపలు పెంచుతున్న రామకోటి ఫోను చేశాడు. "నేను చేసుకోనక్కా. నాకిక్కడ మనిషుంది," అన్నాడు.

ఆ మనిషి గంగారత్నం. చెరువు పట్టుబడి రోజున వలలు లాగి చేపలు వేరుచేసే గుంపులో పనిచేసేది. ఆ లంకల్లోనే పుట్టిన మనిషి. అప్పటికే పెళ్ళయింది. మొగుడు అప్పారావు ఏడాది తిరగ్గానే వదిలేసి తణుకు పోయి ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడు. విడాకులనే మాట ఇద్దరూ ఎత్తలేదు. ఈ సంగతి బయటికి పొక్కాక ఆడపడుచు మళ్ళీ కాంతం గుమ్మం ఎక్కలేదు. అత్తగారు పోయేదాకా, కూరలో ఉప్పు ఎక్కువైనా సరే, "మీ తమ్ముడిలాగే ఉంది నీ వాలకం," అనేది.

పదహారేళ్ళలో కాంతం ఆ చెరువు గట్టు మీద కాలు పెట్టలేదు. రామకోటే మూణ్ణెల్లకోసారి సంచిలో శీలావతి చేపతో వచ్చేవాడు. వండి పెట్టేది, తినేవాడు, వెళ్ళేవాడు. ఒకసారి అన్నం తింటూ, "రత్నానికి చెయ్యి విరిగిందక్కా," అన్నాడు. "పెరుగు వేసుకో," అంది కాంతం. వాడు పెరుగు వేసుకున్నాడు. ఆ తరవాత ఆ పేరు ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, "మా తమ్ముడు చెరువుల మీద ఉంటాడండి, పెళ్ళి చేసుకోలేదు," అని చెప్పేది. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి ఆ మాటని తనే నమ్మింది.

రామకోటి బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట: "వద్దు."

"ఆయనకి అన్నీ అర్థమవుతాయమ్మా," అన్నాడు డాక్టరు. "మాటే రాదు. మనసులో అనుకునేది ఒకటి, నోటికొచ్చేది ఒకటి. ఏదనబోయినా ఆ ఒక్క మాటే వస్తుంది. కొన్నాళ్ళు ఔననీ కాదనీ తల ఊపడం కూడా తప్పుతుంది. మీరే కనిపెట్టుకోవాలి."

పదకొండో రోజున ఇంటికి పంపారు. ఆ పదకొండు రోజులూ గంగారత్నం కింద మందుల షాపు ముందు బెంచీ మీద కూర్చునే ఉంది. రామకోటిని కారులో ఎక్కిస్తుంటే అడ్డంగా వచ్చి నిలబడింది.

"అమ్మగారూ, మా ఇంటికి పంపండి. నేను చూసుకుంటాను."

"నీ ఇల్లేంటి? రేకుల షెడ్డా?"

"ఆయన కట్టిన షెడ్డేనండి."

కాంతం ఎక్కి కారు తలుపు వేసుకుంది. వెనక సీట్లోంచి రామకోటి "వద్దు, వద్దు," అంటున్నాడు. "వద్దులేరా, అక్కడికి వెళ్ళద్దు. మనింటికే వెళ్తున్నాం," అని సర్దిచెప్పింది.

కాంతం చేసిన సేవలో వంక పెట్టడానికి లేదు. ముందు గది ఖాళీ చేయించి మంచం వేయించింది. ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, వ్యాయామం చేయించేవాణ్ణి రోజూ రప్పించింది. ఇడ్లీ పెడితే "వద్దు" అనేవాడు, నోట్లో పెడితే తినేవాడు. నీళ్ళకీ "వద్దు", మందుకీ "వద్దు", కిటికీ తెరిచినా "వద్దు", మూసినా "వద్దు". వారం రోజుల్లో కాంతం ఆ మాటని పట్టించుకోవడం మానేసింది. గాలికి తలుపు కొట్టుకుంటే విన్నట్టు వినేది.

గంగారత్నం మాత్రం వారానికి రెండుసార్లు, మంగళవారం, శనివారం, ఏలూరులో పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగి, స్టేషను నుంచి నడుచుకుంటూ వచ్చి గేటు ముందు నిలబడేది. మొదట్లో బతిమాలింది. తరవాత్తరవాత దెబ్బలాటకే వచ్చినట్టుండేది.

"ఏవండీ అమ్మగారూ, గేటు తియ్యండి."

"నీకెన్నిసార్లు చెప్పాలి?"

"మీరెన్నిసార్లు చెప్పినా వస్తానండి. కట్టేసుకోవడానికి ఆయనేవన్నా మీరు కొనుక్కున్న గేదా?"

"నోరు జాగ్రత్త. వాడు నా తమ్ముడు."

"కాదన్నానా అండి? మీ తమ్ముడే. పదహారేళ్ళలో తమ్ముడికి జొరమొచ్చిందని ఒక్కసారన్నా వచ్చారా?"

"నువ్వున్న చోటికి నేను రాను."

"మీరున్న చోటికి నేనొచ్చాను కదండి. నాకా పట్టింపు లేదు."

పక్కింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్నవాళ్ళు తడిబట్ట చేత్తో పట్టుకునే వింటున్నారు. కాంతం గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతులో విషం ఇంకా చిక్కనైంది.

"నీకు మొగుడున్నాడు. ఆ తణుకెళ్ళి వాడి గేటు ముందు నిలబడు."

గంగారత్నం గేటు ఊచ పట్టుకుంది. "ఆయన నాతో పదమూడు నెలలున్నాడండి. తాళి కట్టాడు కాబట్టి ఆయన మొగుడు. ఈయన పదహారేళ్ళున్నాడు, ఈయన ఎవరూ కాడు. బాగుందండి మీ లెక్క."

"ఉంటే? మా వీధి చివర కుట్టుమిషను వాడు ముప్పై ఏళ్ళనుంచి ఉన్నాడు. మాకు చుట్టమైపోయాడా? ఒకచోట పడి ఉన్నంత మాత్రాన ఏ బంధమూ అయిపోదు. పెళ్ళంటే పదిమంది ముందు చేసుకునేది. నువ్వు చేసింది చాటున చేసిన పని."

"చాటెక్కడుందండి గట్టు మీద? చుట్టూ నీళ్ళే. అందరికీ కనపడేలాగే బతికాం."

ఆ మాటలు లోపలికి వినపడ్డాయేమో, ముందు గదిలోంచి రామకోటి కేక పెట్టాడు. "వద్దు! వద్దు!" గొంతు చీరుకుపోయేలా అరిచాడు.

కాంతం మొహం వెలిగింది. "విన్నావా? వాడే అంటున్నాడు. నువ్వొద్దట."

గంగారత్నం కిటికీ వైపు చూసింది. ఊచ వదిలేసి, పైట భుజం మీదికి లాక్కుని వీధి వెంబడి వెళ్ళిపోయింది. ఆ పూట కాంతం అన్నం కడుపునిండా తింది.

"అలా అనకుండా ఉండాల్సిందేమోనే," అన్నాడు శేషగిరిరావు మజ్జిగ పోసుకుంటూ.

"మీకు తెలీదండీ, మీరూరుకోండి," అంది కాంతం. ఆయన ఊరుకున్నాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన ఊరుకోని రోజు లేదు.

రెండు శనివారాలు గంగారత్నం రాలేదు. పీడ విరగడైందనుకుంటుండగా ఏలూరు కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ నుంచి కాగితం వచ్చింది. గంగారత్నం అర్జీ పెట్టుకుందనీ, ఫలానా తేదీన రామకోటిని తీసుకుని మాట్లాడుకోవడానికి రావాలనీ ఉంది. శేషగిరిరావు కంగారుపడ్డాడు. కాంతం మాత్రం సంతోషించింది. తాళి లేదు, కాగితం లేదు, పిల్లల్లేరు. గేటు ముందు అరుపుల కంటే ఇదే నయం, ఒక్కసారి తేలిపోతుంది. వెళ్ళేరోజు పట్టుచీర కట్టుకుంది.

అక్కడ మధ్యవర్తిగా కూర్చున్నది లక్ష్మీప్రసన్న అనే లాయరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చిన్న గది, గుండ్రటి బల్ల. చక్రాల కుర్చీలో రామకోటి. ఆయనకి ఓ పక్క కాంతం, శేషగిరిరావు. ఎదురుగా గంగారత్నం, ఆవిడ తరఫున పక్క చెరువు కృష్ణబాబు. ఆ రోజు ఆసుపత్రికి వ్యాను నడుపుకొచ్చింది అతనే.

"ఇది కోర్టు కాదండి," అంది లక్ష్మీప్రసన్న. "ఎవరు గెలిచారో చెప్పడానికి కూర్చోలేదు. గంగారత్నంగారూ, మీరూ రామకోటిగారూ ఎప్పట్నుంచి కలిసి ఉంటున్నారు?"

"కొల్లేట్లో సర్కారు వాళ్ళు చెరువుల గట్లు పేల్చేశారు చూడండి, ఆ మరుసటేడు నుంచండి."

"ఒకే ఇంట్లోనా?"

"ఒకే ఇంట్లోనేనండి. ఉన్నదే ఒక్కటి."

"రేషను కార్డులో ఇద్దరి పేర్లూ ఉన్నాయా?"

"లేవండి. నా పేరు మా అమ్మ కార్డులోనే ఉండిపోయింది."

"ఆధారులో భర్త పేరు?"

గంగారత్నం తల వంచింది. "అప్పారావు అనే ఉందండి. మార్పించుకోవాలని తెలీలేదు."

కాంతం కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

"ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఏదైనా ఉందా?"

"కొల్లేటికోట జాతరలో ఒకటి దిగామండి. ఫోనులో ఉండేది. ఆ ఫోను చెరువులో పడిపోయింది."

కాంతానికి నవ్వొచ్చింది. దాచుకోలేదు. "చూశారా అమ్మా? పదహారేళ్ళకి మిగిలింది ఇదీ. అదీ చెరువులో ఉంది."

"మేమంతా కోటిగారి ఆవిడనే అంటామండి," అన్నాడు కృష్ణబాబు. "శుభలేఖ ఇచ్చినా ఇద్దరికీ కలిపే ఇస్తాం."

"మీరేమన్నా అనుకోండి. మీరనుకున్నంత మాత్రాన పెళ్ళయిపోదు," అంది కాంతం.

లక్ష్మీప్రసన్న పెన్ను బల్ల మీద పెట్టింది. "వివాహం లాంటి బంధం అని చట్టంలో ఒక మాట ఉందండి. చాలాకాలం ఒకే కప్పు కింద ఉండాలి. నలుగురూ భార్యాభర్తలుగానే ఎరిగి ఉండాలి. ఇద్దరికీ పెళ్ళి చేసుకోవడానికి అడ్డేదీ ఉండకూడదు. గంగారత్నంగారూ, మొదటి రెండూ మీకున్నాయి. మూడోది లేదు. అప్పారావుగారితో మీ పెళ్ళి చట్టం ప్రకారం ఇంకా అలాగే ఉంది."

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నదీ అదేనమ్మా," అంది కాంతం.

"ఉండండమ్మా. అది ఆవిడ హక్కుల సంగతి. ఈయన ఎక్కడుండాలన్నది వేరే సంగతి. ఈయన తెలివిలో ఉన్నారు, చిన్నపిల్లాడు కాదు. ఆయన్నే అడుగుదాం." ఆమె కుర్చీ రామకోటి వైపు జరుపుకుంది. "రామకోటిగారూ, మీ అక్కగారి దగ్గర ఉంటారా?"

"వద్దు."

కాంతం చటుక్కున నిటారుగా కూర్చుంది.

"గంగారత్నంగారి దగ్గరికి వెళ్తారా?"

"వద్దు."

"విన్నారా?" అంది కాంతం గబుక్కున. "ఆవిడొద్దన్నాడు."

"మనల్నీ వద్దన్నాడు," అన్నాడు శేషగిరిరావు మెల్లగా, బల్లకేసి చూస్తూ.

గంగారత్నం లేచి నిలబడింది. అప్పటిదాకా వంచుకున్న తల ఎత్తి, లాయర్ని కాదు, కాంతాన్ని కాదు, రామకోటిని చూసింది.

"ఏంటి వద్దు?" అంది. "ఏంటయ్యా వద్దు? ఎప్పుడూ నీది అదే మాట. మాత్ర వేసుకోవయ్యా అంటే వద్దు. ఎండలో పడవెక్కకు, చేపలకి తవుడు బస్తాలు నేను కట్టొస్తానంటే వద్దు. మీ అక్క దగ్గరికి నన్ను తీసుకెళ్ళు, కాళ్ళ మీద పడి నేనే మాట్లాడుకుంటానంటే వద్దు. అన్ని మాటలూ పోయి ఈ దిక్కుమాలిన మాటొక్కటే మిగిలిందా నీకు?"

"వద్దు!" అన్నాడు రామకోటి. మొహం ఎర్రబడింది.

"అరవకు. నువ్వరిస్తే నాకు భయమా? ఆ నాలుగు రోజులూ మాత్ర వేసుకున్నావా? అబద్ధమాడావు. చొక్కా జేబులో దొరికాయి నాకు."

"వద్దు," అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది.

"మరి వేసుకున్నానని ఎందుకన్నావు? నా చెయ్యి విరిగినప్పుడు మూణ్ణెల్లు జడేశావు, దానికి పదేళ్ళు దెప్పావు. ఏలూరు సినిమాకి తీసుకెళ్ళిన ప్రతిసారీ సగంలో లేపుకొచ్చేశావు, చెరువు మీద ఎవరూ లేరని. ఒక్క సినిమా చివర ఏమైందో నాకు తెలీదు. అడిగితే నీ సొంత కథ చెప్పేవాడివి. అందరూ చచ్చిపోయారని చెప్పేవాడివి."

రామకోటి ఎడమ చెయ్యి గాల్లో ఊపాడు. "వద్...దు," అన్నాడు సాగదీసి.

"నవ్వకు. నేను నవ్వించడానికి చెప్పట్లేదు. రెండు నెలలు! మంగళవారం మంగళవారం వచ్చి కుక్కలాగ గేటు దగ్గర నిలబడ్డాను. లోపల్నుంచి వద్దు అని అరిచావు. ఎవరి మీద అరిచావో కూడా నాకు తెలీలేదు. నా మీదే అనుకుని రెండు వారాలు అన్నం తినలేదు."

కాంతం కుర్చీ అంచుకి జరిగింది. ఆ మనిషి తన తమ్ముణ్ణి నువ్వు అంటోంది. తమ ఇళ్ళల్లో ఏ ఆడదీ మగాణ్ణి పదిమందిలో అలా అనదు. కానీ ఆమెని పట్టి ఊపేసింది అది కాదు. వాడు నిజంగానే నవ్వాడు. వంకరపోయిన మూతితో, ఎడమ చెంపతో నవ్వాడు. తను రోజుకి వందసార్లు విన్న ఆ ఒక్క మాటలో గంగారత్నం ఒకసారి కోపం వింది, ఒకసారి తప్పు ఒప్పుకోవడం వింది, ఒకసారి వేళాకోళం వింది. విన్నదానికి విన్నట్టు జవాబు చెప్పింది. ఇద్దరూ దెబ్బలాడుకుంటున్నారు. గదిలో ఇంకెవరూ లేనట్టు దెబ్బలాడుకుంటున్నారు.

"సరే," అంది గంగారత్నం. కళ్ళు తుడుచుకుంది. "నేనొద్దు కదా? ఉండు. మీ అక్క ఉతికిన దుప్పట్లలో హాయిగా పడుకో. నేను పోతున్నాను." గిరుక్కున తిరిగి తలుపు దగ్గరికి నడిచింది.

"వద్దు!"

రామకోటి ఎడమ చేత్తో కుర్చీ చెయ్యిని బాదాడు. "వద్దు! వద్దు! వద్దు!" ముందుకి ఒరిగిపోయాడు. కుర్చీలోంచి జారిపోతుంటే కృష్ణబాబు పరిగెత్తి పట్టుకున్నాడు.

గంగారత్నం గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగలేదు. "నేను వెళ్ళడం వద్దా ఇప్పుడు?" అంది గోడకేసి చూస్తూ. "ముందే చెప్పి చావొచ్చు కదా."

లక్ష్మీప్రసన్న రామకోటి వైపు వంగి అడిగింది. "ఆవిడ వెళ్ళిపోకూడదనేనా అండీ మీరంటున్నది?"

రామకోటి నోటితో ఏమీ అనలేదు. ఔనన్నట్టు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు, ఎడమ కంటి నీళ్ళు మెడలోకి కారుతుండగా.

కాంతానికి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. "ఒరేయ్ కోటీ," అంది. "అమ్మ పోయిన రోజున నీకు అన్నం పెట్టింది నేనురా. ఇదెక్కడుందిరా అప్పుడు?"

రామకోటి ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. వద్దు అని కూడా అనలేదు.

రామకోటి గంగారత్నం దగ్గరే ఉండేట్టు సంతకాలయ్యాక కోర్టు ఆవరణలోనే అతన్ని కృష్ణబాబు వ్యానులోకి ఎక్కించారు. గంగారత్నం లోపల కూర్చుని అతని తల ఒళ్ళో పెట్టుకుంది. కాంతం వ్యాను దగ్గరికి నడిచివెళ్ళింది. ఎందుకు వెళుతున్నావని శేషగిరిరావు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"తీసుకెళ్ళు," అంది. "పోయాక మాత్రం మాకు కబురు పెట్టు. కర్మ చెయ్యాల్సింది మా వాళ్ళు. నీకా అర్హత లేదు."

కృష్ణబాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు. గంగారత్నం నిదానంగా చెప్పింది. "అలాగేనండి. పోయాక మీరు చేసుకోండి. బతికున్నన్నాళ్ళూ నాకొదిలెయ్యండి." చెయ్యి చాపి వ్యాను తలుపు లాక్కుంది.

తిరుగు ప్రయాణంలో కారు జాతీయ రహదారి ఎక్కింది. అప్పుడు శేషగిరిరావు అన్నాడు. "భలే దెబ్బలాడుకున్నారే ఇద్దరూ."

కాంతం కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. "మనం ఎప్పుడన్నా దెబ్బలాడుకున్నామా అండీ?" అంది చాలాసేపటికి.

"మనకేం ఖర్మ?" అన్నాడు ఆయన, అదేదో మంచిమాటే అనుకుని. "ఒక్కనాడన్నా మాటకి మాట అనుకున్నామా?"

ఇంటికెళ్ళాక కాంతం ముందు గదిలో మంచం విప్పించేసింది.

కార్తీకమాసంలో మనసు ఆగక, టిఫిను కారియరులో తమ్ముడికిష్టమైన పులిహోర పెట్టుకుని, ఏలూరులో ఆటో మాట్లాడుకుని మొదటిసారి ఆ గట్టు మీదికి వెళ్ళింది. రెండు వైపులా నీళ్ళు మెరుస్తున్నాయి. ఏవో కొంగలు లేచి మళ్ళీ వాలాయి. షెడ్డు ముందు గంగారత్నం చెరువులో వేలాడగట్టే తవుడు బస్తాలకి కన్నాలు పొడుస్తోంది. కాంతాన్ని చూసి లేచింది గానీ తలుపుకి అడ్డంగానే నిలబడింది. లోపల చీకట్లో కుర్చీ, అందులో తమ్ముడి భుజం, కొత్తగా కత్తిరించిన జుట్టు మాత్రం కనిపించాయి.

"చూడ్డానికొచ్చాను," అంది కాంతం.

"రండి. కాదననండి. ఒక్క మాట మాత్రం చెప్పి రండి." గంగారత్నం గొంతులో మర్యాద ఎక్కడా తగ్గలేదు. "నేను మీకేమవుతానండి?"

కాంతం చేతిలో కారియరు బరువెక్కింది. పక్క గట్టు మీద ఇద్దరు మనుషులు పని ఆపి ఇటే చూస్తున్నారు. ఆ మాట నాలుక మీదికి వచ్చిందో రాలేదో ఆమెకే తెలీదు.

"గంగారత్నం," అంది చివరికి.

"అది నా పేరండి. నేనడిగింది వరస."

ఎండ నడినెత్తికొచ్చింది. కాంతం నిలబడగలిగినంతసేపు నిలబడింది. తరవాత కారియరు గట్టు మీద పెట్టి ఆటో దగ్గరికి నడిచింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఆటో మలుపు తిరిగేటప్పుడు చూస్తే కారియరు పెట్టినచోటే ఉంది.

ఆ తరవాత ఆమె వెళ్ళలేదు. రామకోటి ఏడాదిన్నర దాటి బతికే ఉన్నాడు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడని విన్నారు. వెళ్ళేది శేషగిరిరావు. నెలకోసారి, ఆదివారం, ఎవరికీ చెప్పకుండా బయల్దేరతాడు. మొదటిసారి వెళ్ళొచ్చిన రోజునే కాంతం, "అక్కడి సంగతులు ఈ ఇంట్లో ఎత్తకండి," అంది. ఆయన ఎత్తలేదు. కానీ ఒకసారి పెరట్లో ఆయన ఫోనులో మాట్లాడుతుంటే కాంతం వింది: "అలాగేనమ్మా, ఆ మాత్రలు తెస్తాను. మా బావమరిదికి చెప్పు, ఈసారి సినిమాకి చివరిదాకా కూర్చోమని." అవతల గంగారత్నం ఏమందో, ఆయన పకపకా నవ్వాడు. ఈ ఇంట్లో ఆయన అలా నవ్వగా ఆమె ఎప్పుడూ వినలేదు.

కాంతం గిన్నెలు చప్పుడయ్యేలా కడిగింది. ఆయన ఆదివారం వేసుకెళ్ళిన చొక్కా మిగతా బట్టల్లో కలపకుండా విడిగా నానబెట్టింది.